అద్దెకున్న ఫ్లాటే కొంటున్నాం, అడ్వాన్సు ఇవ్వొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఆరేళ్లుగా ఒకే ఫ్లాట్‌లో అద్దెకుంటున్నాం. నెలకు 22 వేలు. ఓనర్ గారు ఇప్పుడు దాన్ని 64 లక్షలకు మాకే ఇస్తానంటున్నారు. 10 లక్షలు అడ్వాన్సు ఇస్తే నోటరీ అగ్రిమెంట్ రాసిస్తారట. ఆ రోజు నుంచి అద్దె వద్దట, రిజిస్ట్రేషన్ ఏడాది తర్వాతట. ఫ్లాట్ చనిపోయిన వాళ్ల నాన్నగారి పేరు మీదే ఉంది, వీలునామా లేదు. ఓనర్ గారి చెల్లెలు అమెరికాలో ఉంటారు. అద్దె మిగులుతుందని మావారు తొందరపడుతున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ భయం సరైనదే. కొనడం తప్పని కాదు. ఆరేళ్లున్న ఇల్లు, నీళ్ల సంగతి నుంచి గోడల చెమ్మ దాకా మీకు తెలుసు. నాకు నచ్చనిది ఆ నోటరీ కాగితం.

అగ్రిమెంట్ రాసుకున్నంత మాత్రాన ఆస్తి మీద హక్కు రాదు. 1882 ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ఈ మాట స్పష్టంగా చెబుతోంది. అగ్రిమెంట్‌తో ఇంట్లో ఉన్నవాళ్లకు 53ఎ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది కానీ, 2001 సవరణ తర్వాత ఆ అగ్రిమెంట్ రిజిస్టర్ అయి ఉండాలి. రేపు ధర పెరిగి ఆయన మనసు మారితే, అద్దె బకాయి పడ్డారని ఖాళీ చేయించే కేసు వేయొచ్చు. అప్పుడు మీరు ఓనరూ కారు, సరిగ్గా అద్దె కట్టిన కిరాయిదారూ కారు. సేల్ డీడ్ రిజిస్టర్ అయ్యేదాకా అద్దె బ్యాంకు ద్వారా కడుతూనే ఉండండి. ఆయన నిజంగా వదులుకోదలిస్తే, ఆ మొత్తం ధరలో తగ్గిస్తానని రిజిస్టర్డ్ అగ్రిమెంట్‌లో రాయమనండి.

అంతకన్నా పెద్ద చిక్కు చెల్లెలి వాటా. వాళ్లు హిందువులైతే, వీలునామా లేని తండ్రి ఆస్తి 1956 వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వెళ్తుంది. ఆయన తల్లి బతికుంటే ఆవిడకూ వాటా ఉంటుంది. పెళ్లప్పుడు కట్నం ఇచ్చేశామంటే ఆ వాటా పోదు. ఓనర్ గారొక్కరే సంతకం పెడితే మీకు వచ్చేది ఆయన వాటా మాత్రమే. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగండి, అందులో ఉన్నవాళ్లంతా అమ్మకందారులుగా సంతకం పెట్టాలి. చెల్లెలు రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన జీపీఏ (తన తరఫున సంతకం పెట్టే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) పంపొచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఆవిడ ఎన్నారై అయితే ఆవిడ వాటాకు టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే మీరు కోసి ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను) మామూలు 1 శాతం కాదు, చాలా ఎక్కువ. కోయకపోతే ఆదాయపు పన్ను శాఖ మిమ్మల్నే అడుగుతుంది.

మీవారి లెక్క గురించి ఒక మాట. 54 లక్షల లోను, 20 ఏళ్లు, 8.5 శాతం వడ్డీ అనుకుంటే ఈఎంఐ దాదాపు 47 వేలు. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు సుమారు 7.5 శాతం, అంటే 4.80 లక్షలు విడిగా కావాలి. ఇద్దరూ కూర్చుని ఇది చూసుకోండి. ఈలోగా 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి. చెల్లెలు అమ్మకానికి ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా వచ్చేదాకా ఆ 10 లక్షలు మీ ఖాతాలోనే ఉండనివ్వండి.