వీల్‌చైర్ అంటే అమ్మ ఏడుస్తోంది

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. పసితనంలో పోలియో వచ్చింది. కాలికి ఊతంగా కట్టుకునే కాలిపర్, చంకకర్రతో నడుస్తాను. ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. కొంతకాలంగా భుజం నొప్పి, విపరీతమైన నీరసం. బడిలో వీల్‌చైర్ వాడమని డాక్టర్ అన్నారు. అమ్మేమో "ఇన్నేళ్లు కష్టపడి నడిపిస్తే ఇప్పుడు కుర్చీలో కూలబడతావా? నలుగురూ ఏమనుకుంటారు?" అని ఏడుస్తోంది. ఏం చేయను?

జవాబు: డాక్టర్ మాట వినండమ్మా. పోలియో తగ్గిన చాలా ఏళ్లకు కొందరిలో కండరాల బలహీనత, నొప్పి, అలసట కొత్తగా మొదలవుతాయి. పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. మీది అదేనా అన్నది డాక్టరే తేల్చాలి. ఏదైనా, కర్ర మీద మోపే బరువు భుజం మీదే పడుతుంది. అది పాడైతే బోర్డు మీద రాయడం, జడ వేసుకోవడం కూడా కష్టమవుతుంది.

అమ్మగారితో వాదనకు దిగకండి. ఆ రోజుల్లో ఆపరేషన్లు, కాలిపర్లు, ఆసుపత్రుల చుట్టూ తిరగడాలు అన్నీ పిల్ల లేచి నిలబడాలనే. నిలబడకపోతే చదువు సాగదేమో, పెళ్లి కాదేమో అన్న భయం తల్లులను నిద్రపోనిచ్చేది కాదు. అది ఉత్త భయమూ కాదు. ఈసారి డాక్టర్ దగ్గరకు ఆమెనూ తీసుకెళ్లండి, ఏం అడగాలనుకుంటే అది అడగనివ్వండి. ఇంటికొచ్చాక నొప్పి దాచుకోవద్దు. మీరు దాచినంతకాలం ఆమెకు కనిపించేది చక్కగా నడిచే కూతురే.

కాలిపర్ పూర్తిగా మానాలా అన్నది డాక్టర్‌నే అడగండి. చాలామంది ఇంట్లో నడుస్తూ, బయట కుర్చీ వాడతారు. ఆసుపత్రి వరండాల్లో కనిపించే బరువైన కుర్చీ మాత్రం వద్దు. తుంటి వెడల్పు, కాళ్ల పొడవు కొలిపించి తేలికైనది తీసుకోండి. కొనేముందు బాత్రూమ్ తలుపు వెడల్పు చూసుకోండి, చాలామంది అక్కడే ఇరుక్కుంటారు.

హెడ్మాస్టర్‌కు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. పనిచేసేచోట అడ్డంకులు లేకుండా చూడాల్సింది ప్రభుత్వ సంస్థలేనని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. క్లాసు కింది అంతస్తులో కావాలని, ర్యాంపు కట్టించమని అడగండి. ర్యాంపు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవుండాలి. నిటారుగా కడితే మీరు ఎక్కలేరు.

పిల్లలు రెండ్రోజులు వింతగా చూస్తారు, ఆ తర్వాత తోస్తామని పోటీపడతారు. అడగకుండా కుర్చీ ముట్టుకోవద్దని మొదటిరోజే చెప్పేయండి.

పెళ్లిళ్లకు కుర్చీ తేవద్దని అమ్మగారు బతిమాలితే, ఒంట్లో బాగున్న రోజున ఒకటి రెండుసార్లు సర్దుకోండి. భుజం నొప్పిగా ఉన్న రోజున మాత్రం ఒప్పుకోకండి.