ఆరేళ్ళ పాపతో ట్రిప్‌లో ఏ పేకాట ఆడొచ్చు? ఓడిపోతే ఏడుస్తుంది

సెలవులకి వెళ్తున్నాం, ఫోన్ ఇవ్వకుండా పేకాటతో కాలక్షేపం చేయించాలనుంది, ఓడితే ఏడుపు మొదలు అని రాశారు కదా. మా వాడికి ఆరేళ్ళప్పుడు అరకు వెళ్ళాం. మూడు రోజుల్లో రెండు రోజులు వానే, రూంలో మేమిద్దరం, వాడు, మా అమ్మ, ఒక పేక కట్ట.

మొదట సెవెన్స్ ఆడాం. వాడికి ఆట అర్థమైంది కానీ పదమూడు ముక్కలు ఆ చేతిలో పట్టవు, సగం కింద పడుతున్నాయి, మిగతా సగం అందరికీ కనబడుతున్నాయి. అప్పుడు జాకీలు, రాణులు, రాజులు తీసేశాం. 40 మిగిలాయి, మనిషికి పదేసి. సూట్‌కేస్ మూత ఎత్తి దాని వెనక పరుచుకోమంటే గొడవ తీరింది. ఆఠీను ఏడుతో మొదలుపెట్టి, ఏ గుర్తు ఏడుకి ఆ గుర్తువే అటు ఆరు, ఇటు ఎనిమిది, అలా ఆసు దాకా, పది దాకా, వేసే ముక్క లేకపోతే పాస్, అంతే ఆట.

కానీ మీకు నేను చెప్పేది గాడిద ఆట. నలుగురుంటే నాలుగు ఆసులు, నాలుగు రెళ్ళు, మూళ్ళు, నాలుగులు, మొత్తం 16 ముక్కలు కలిపి తలా నాలుగు పంచండి. అందరూ ఒకేసారి ఒక ముక్క బోర్లించి పక్కవాళ్ళకి జరపాలి. నాలుగూ ఒకటే అంకె (నాలుగూ ఆసులో, నాలుగూ రెళ్ళో) కుదిరినవాళ్ళు చప్పుడు చేయకుండా మధ్యలో చెయ్యి పెడతారు, అది చూసి మిగతావాళ్ళు దాని మీద చేతులేస్తారు, ఆఖరి చేతికి ఒక అక్షరం. గా, తర్వాత డి, తర్వాత ద. నాలుగు ముక్కలు ఆ చిన్న చేతిలో ఇమిడిపోతాయి, పైగా ఇందులో పిల్లల చెయ్యే ముందు పడుతుంది, మనం కావాలని ఓడక్కర్లేదు. నేను రెండుసార్లు అలా ఓడితే "నాన్నా, నువ్వు కావాలనే ఆగావు" అని ముక్కలు విసిరేశాడు.

ఏడుపు సంగతి. గాడిద అయినవాళ్ళు మూడుసార్లు ఓండ్ర పెట్టాలని రూల్ పెట్టాం. పిల్లాడికి పేక నేర్పుతావా అని నన్ను తిట్టిన మా అమ్మే (శివరాత్రి జాగారానికి తెల్లవార్లూ పేకాడిన మనిషి!) మొదటి గాడిద. ఆవిడ ఓండ్ర విన్నాక వాడు తనూ పెట్టాలని కావాలనే ఓడటం మొదలెట్టాడు, పక్క రూం వాళ్ళకి పాపం నిద్రుండదు.

జతలు వెతికే ఆట కూడా బాగుంటుంది, ఎనిమిది జతలు మంచం మీద బోర్లించండి, జ్ఞాపకంలో మీరే ఓడిపోతారు. రమ్మీ ఇప్పుడే వద్దు. విశాఖ నుంచి అరకు రైల్లో అయితే కట్ట తీయకండి, మా వాడు సొరంగాలు లెక్కపెడుతూ కిటికీ వదల్లేదు.

రూం ఖాళీ చేసేముందు ముక్కలు లెక్కపెట్టుకోండి. మా కళావరు మూడు ఆ మంచం కిందే ఉండిపోయింది, ఇప్పటికీ జోకరు మీద పెన్నుతో 3 రాసి ఆడుతున్నాం.