జల విద్యుత్తు ‘శుభ్రమైన కరెంటు’ అయితే డ్యాముల మీద ఇంత గొడవెందుకు?

పొగ రాదు, బొగ్గు కాలదు. అంతవరకు నిజమే. కానీ లెక్క టర్బైన్ దగ్గర కాదు, ముంపు దగ్గర మొదలుపెట్టాలి.

గోదావరి మీది మన శ్రీరాంసాగర్ డ్యామునే తీసుకోండి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. ప్రధానంగా సాగునీటి కోసమే. కాకతీయ కాలువకు నీళ్లు వదిలేటప్పుడు తీసే కరెంటు 36 మెగావాట్లు. అదే బొగ్గుతో నడిచే చెల్పూరు థర్మల్ కేంద్రం సామర్థ్యం 1,100 మెగావాట్లు. వరంగల్ పొలాలకు ఆ కాలువ చేసిన మేలు మాత్రం కాదనలేం.

అయితే మునిగేది ఎగువన, పారేది దిగువన. పట్టా ఉన్నవాళ్లకు ఎంతో కొంత పరిహారం వస్తుంది. కౌలుకు చేసేవాళ్లు, కూలికి పోయేవాళ్లు, ఊరి బట్టలు ఉతికే కుటుంబం, తాటిచెట్లెక్కే గౌడన్న? ఊరితోపాటే వీళ్ల బతుకుదెరువూ పోతుంది, కాగితాల్లో పేరుండదు. 2013 భూసేకరణ చట్టం వీళ్లనూ లెక్కలోకి తెచ్చింది గానీ, పాత ప్రాజెక్టులు చాలావరకు అంతకుముందే, పాత చట్టాల కిందే కట్టేశారు. డ్యాముల వల్ల ప్రపంచంలో 4 నుంచి 8 కోట్ల మంది నిర్వాసితులయ్యారని ప్రపంచ డ్యాముల కమిషన్ 2000లో అంచనా వేసింది.

ఇక పూడిక. శ్రీరాంసాగర్ సామర్థ్యం 112 టీఎంసీల నుంచి 80కి పడిపోయింది. ఆ ఒండ్రు నిజానికి దిగువకు, డెల్టాకు చేరాల్సింది. ఎదురీదే చేపలకూ దారి మూసుకుపోతుంది. మునిగిన అడవి నీళ్లలో కుళ్లితే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వస్తుంది. బ్రెజిల్‌లోని బాల్బినా డ్యాము మరీ అన్యాయం: సుమారు 2,360 చదరపు కిలోమీటర్ల జలాశయం, కరెంటు 250 మెగావాట్లు!

ఉన్న కాలువల మీదే పెద్దపల్లిలో లాగా మినీ హైడల్ (చిన్న జల విద్యుత్తు) యూనిట్లు పెడితే కొత్తగా ఏ ఊరూ మునగదు.