తొమ్మిదో తరగతి బాబుకి కంప్యూటర్ ఎలా?

అక్కా, ఆటో సంపాదన మీద గుంటూరులో ఇల్లు నడుపుతున్నామని, బాబుకి కంప్యూటర్ కోసం ప్రభుత్వ సాయం ఉందా అని అడిగారు కదా. ఫారం నింపిపెడతానని ఐదొందలు అడిగినతనికి మాత్రం రూపాయి కూడా ఇవ్వకండి.

2022 డిసెంబరులో ఇచ్చిన ట్యాబులు అప్పటి ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలవి. మీకిప్పుడు పనికొచ్చేది తల్లికి వందనం, అంటే బడికెళ్ళే పిల్లల తల్లులకి రాష్ట్ర ప్రభుత్వం డబ్బు వేసే పథకం. 2025లో 15,000లో బడి నిర్వహణకి 2,000 పోను, 13,000 తల్లి ఖాతాలో వేశారు. మీకు పడలేదంటే ముందు బ్యాంకులో ఆధార్ ఏ ఖాతాకి ఎన్‌పీసీఐ లింక్ అయి ఉందో అడగండి, పథకం డబ్బు ఆ ఖాతాలోకే వెళ్తుంది. మా చెల్లెలి డబ్బు ఎప్పుడో వాడటం మానేసిన పాత ఖాతాలో పడింది, నెల రోజులు టెన్షన్ పడ్డాం. లింక్ సరిగ్గానే ఉంటే వార్డు సచివాలయంలో మీ పేరు అర్హుల జాబితాలో ఉందో లేదో చూపించమనండి.

ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ చూడండి. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ (ఫైళ్ళు దాచుకునే వేగమైన డిస్క్) ఉంటే చదువుకి చాలు. కొనేముందు ఛార్జర్ పీకేసి అరగంట నడపండి, ప్రతి కీ నొక్కి చూడండి, బిల్లు తీసుకోండి. దీక్ష అనే ప్రభుత్వ యాప్‌లో పాఠాలు ఉచితమే. బాబు ఈ ఏడాదే మొదలుపెట్టాలక్కా, పదో తరగతిదాకా ఆగొద్దు.