తిరుగు పడవకు ముందు రెండు రోజులు ఖాళీ ఉంచు

చిట్టీ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. అమ్మానాన్నల్ని, పాపని తీసుకుని పది రోజులు దీవికి వెళ్తున్నావన్నావు. "పెద్దమ్మా, నువ్వు తొమ్మిదేళ్లు దీవిలో ఉన్నావు కదా, ఏం జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పు" అన్నావు. చివర్లో గొంతు తగ్గించి ఇంకో మాట కూడా అన్నావు: "అమ్మానాన్నలకి థ్యాంక్స్ చెప్పాలని ఉంది, ఎలా చెప్పాలో తెలీడం లేదు" అని. మొదటిదానికి జవాబు తేలిక. రెండోది చెప్పడానికి నేనెంతవరకు అర్హురాలినో తెలీదు గానీ, నాకైతే రెండూ ఒకే ప్రశ్నలా వినిపించాయి. అందుకే ఫోన్ పక్కన పెట్టి కాగితం తీశాను.

ముందు టికెట్ల సంగతి. నువ్వు పంపిన ప్లాన్ చూశాను. ఆదివారం మధ్యాహ్నం దీవిలో పడవెక్కి, సాయంత్రం దిగి, అదే రాత్రి విమానం, సోమవారం పొద్దున ఆఫీసు. అలా పెట్టుకోకు తల్లీ. గాలి పెరిగితే పడవ ఆపేస్తారు. ఎప్పుడు వదులుతారంటే ఎవరూ చెప్పలేరు, "రేపు చూద్దాం" అంటారు. తిరుగు పడవకీ విమానానికీ మధ్య కనీసం రెండు రోజులు ఖాళీగా వదిలేయి. పడవ టైముకి నడిస్తే ఆ రెండు రోజులు అవతలి ఒడ్డున కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. నడవకపోతే కొంప మునగదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నేను ఆ దీవిలో ఆరు పడకల ఆసుపత్రిలో నర్సుగా చేరిన నాలుగో ఏడు మీ అమ్మమ్మ నా దగ్గరికొచ్చింది. ఆవిడకి నీళ్లంటే భయం. మూడేళ్లు వాయిదా వేసి వేసి ఎట్టకేలకు వచ్చింది. ఆరు రోజులుండి వెళ్లేలా టికెట్లు తీశాం. ఆవిడని ఇంటిదాకా దిగబెట్టి రావడానికి నేనూ సెలవు పెట్టాను. బయల్దేరే రోజు పొద్దున గాలి మొదలైంది. పడవ లేదన్నారు. మర్నాడూ లేదు. అలా నాలుగు రోజులు.

ఆ నాలుగు రోజులూ నేనేం చేశానో చెప్తే నవ్వుతావు. పూటకోసారి రేవుకి వెళ్లి టికెట్ కిటికీ దగ్గర నిలబడి గుమాస్తాతో గొడవ పడ్డాను, ఆ గాలి ఆయనే ఊదుతున్నట్టు. ఇంటికొచ్చి సెలవు కరిగిపోతోందని, రైలు టికెట్ పోయిందని సణిగాను. అమ్మ నా వెంట రేవుదాకా వచ్చేది. గాలి తగలని వైపు పాత మెట్లుండేవి, వాటి మీద కూర్చునేది. ఒకరోజు నేను గొడవ పడి తిరిగొచ్చేసరికి, "నిన్న నాలుగు మెట్లు మునిగాయే, ఇవాళ ఐదు" అంది. "మెట్ల సంగతి నాకెందుకమ్మా" అని విసుక్కున్నాను.

చాలా ఏళ్ల తర్వాత ఆవిడ మంచాన పడి ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం ఆ నాలుగు రోజుల్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. అమావాస్య దగ్గర పడుతున్నకొద్దీ రోజుకో మెట్టు ఎక్కువ మునిగిందట. ఒక సన్యాసి పీత తన పాత గవ్వ వదిలేసి, మెత్తటి ఒళ్లు బయటపెట్టుకుని, పక్కనున్న ఖాళీ గవ్వలోకి గబుక్కున దూరిందట. "అద్దె ఇల్లు మారినట్టు మారిందే" అని పడీ పడీ నవ్వింది. పడవ కోసం ఎదురుచూస్తున్న ఒక బాలింత పిల్లని ఈవిడ ఒళ్లో పడుకోబెట్టి నిద్రపోయిందట. ఇదంతా నాకు ఇరవై అడుగుల దూరంలో జరిగింది. నాకు మాత్రం ఎంత వెతుక్కున్నా ఆ టికెట్ కిటికీ ఊచలే గుర్తొచ్చాయి. నిలువు ఊచలు ఏడు, అడ్డం రెండు.

అందుకే ఖాళీ రోజులు పెట్టుకోమనేది. టెన్షన్ పడుతూ కూర్చున్నవాళ్లకి పక్కన ఎవరున్నారో కనిపించదు.

సరే, నర్సుగా చెప్పాల్సినవి గబగబా చెప్పేస్తాను. అమ్మ బీపీ మాత్రలు, నాన్న షుగర్ మాత్రలు పది రోజులకి కాదు, కనీసం పదిహేడు రోజులకి పెట్టు. సగం చేతిసంచిలో, సగం పెట్టెలో. డాక్టరు చీటీ ఫోటో ఫోన్లో ఉండాలి. చిన్న దీవిలో మందుల షాపులో నీకు కావాల్సినదే ఉంటుందని గ్యారంటీ లేదు. ఆ మందులూ పడవలోనే రావాలి కదా.

పడవలో వాంతుల గురించి పాప భయపడుతోందన్నావు. చెవి లోపల ఉండే భాగం "కదులుతున్నాం" అంటుంది. కళ్లేమో ఎదురుగా ఉన్న గోడని చూసి "లేదే, ఇక్కడే ఉన్నాం" అంటాయి. ఆ తగువులో కడుపు తిప్పుతుంది. అందుకని పడవ మధ్యలో, వీలైతే కింది అంతస్తులో కూర్చోండి, ఊపు అక్కడ తక్కువ. దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీత మీద చూపు ఉంచాలి. ఫోన్ చూస్తే మాత్రం గ్యారంటీగా కక్కుతుంది. మాత్ర వేసుకునేవాళ్లు ఎక్కడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుని లాభం పెద్దగా ఉండదు. ఆ మాత్రలకి మగతగా ఉంటుంది, పెద్దవాళ్లకి వాడే మిగతా మందులతో కొన్నిసార్లు పడదు కూడా. అమ్మానాన్నల డాక్టర్ని అడిగాకే.

మీ నాన్నకి ఈత బాగా వచ్చని గొప్ప. ఆయన్నొక్కర్నీ సముద్రంలోకి దిగనివ్వకు. ఒడ్డు నుంచి లోపలికి లాగే పాయలు కొన్నిచోట్ల ఉంటాయి. అందులో పడ్డవాళ్లు ఎదురీది అలిసిపోయే మునిగిపోతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదితే ఆ పాయలోంచి బయటపడతాం, తర్వాత ఒడ్డుకి రావచ్చు. ఈ ముక్క పాపకి కూడా చెప్పు, వాళ్ల తాతకి అది పాఠం చెప్తే వింటారు. పగడపు రాయి గీసుకుంటే చిన్న గాయమని వదిలేయకండి. సన్నటి ముక్కలు లోపల ఉండిపోయి చీము పడుతుంది. మంచినీళ్లతో, సబ్బుతో బాగా కడగాలి. ఎర్రబడితే డాక్టరు దగ్గరికి.

ఇక నీళ్లు. ఇది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే టూరిస్టులకి ఎవరూ చెప్పరు. చిన్న దీవుల్లో చాలాచోట్ల బావి నీళ్లంటే ఇసుకలోకి ఇంకిన వాననీరే. ఉప్పునీటి కన్నా మంచినీళ్లు తేలిక కాబట్టి, నేల అడుగున ఉప్పునీటి మీద ఒక కటకంలా, అంటే లెన్స్ ఆకారంలో, తేలుతూ ఉంటాయి. లెక్క ఏమిటంటే, సముద్ర మట్టానికి పైన ఒక్క మీటరు మంచినీళ్లుంటే కింద సుమారు 40 మీటర్లు ఉంటాయి. తోడేసి పైన మట్టం ఒక మీటరు తగ్గిస్తే, కింద నుంచి ఉప్పునీరు దానికి సుమారు నలభై రెట్లు పైకొస్తుంది. బావి ఒకసారి ఉప్పెక్కితే మళ్లీ మంచివై రావడానికి ఎన్ని వానలు పడాలో! మా ఆసుపత్రి బావి ఒక ఎండాకాలం చివర అలాగే అయింది. రోగులకి పళ్లు తోముకోవడానికి గ్లాసు కొలిచి ఇచ్చేవాళ్లం. మీరు దిగిన చోట షవర్ ధారగా వస్తుంటే, ఆ ధార ఎక్కడి నుంచి వస్తోందో ఒక్కసారి అడుగు. అడిగాక కుళాయి మీద నీ చెయ్యి దానంతటదే తక్కువ తిరుగుతుంది. దీవికి థ్యాంక్స్ చెప్పడమంటే నా దృష్టిలో ముందు అది. సూర్యాస్తమయానికి ఫోటో తీసి రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టడం కాదు. పెట్టుకో, తప్పని అనను.

పసిఫిక్‌లో పలావు అనే చిన్న దేశం ఉంది. 2017 చివరి నుంచి అక్కడికి వచ్చే ప్రతివాళ్ల పాస్‌పోర్టులోనూ ఒక ప్రమాణం ముద్ర వేసి, సంతకం పెట్టించుకుంటున్నారు. ఆ ప్రమాణం చేసేది ఆ దేశపు పిల్లలకి: మీ ఇంటిని పాడుచేయం, తేలిగ్గా అడుగేస్తాం అని. మీరు వెళ్లే చోట సంతకం అడగకపోయినా, పాప చేత ఒక కాగితం మీద అలాంటిది రాయించు. పిల్లలు రాసినదాన్ని పెద్దవాళ్లు తప్పడం కష్టం, వెనకాలే కాపలా ఉంటారు.

దీవికి చేరగానే అక్కడి భాషలో "థ్యాంక్స్"ని ఏమంటారో నేర్చుకోండి. హవాయిలో మహాలో, ఫిజీలో వినాకా, మాల్దీవుల్లో షుకురియ్యా. మీ అమ్మకి ఇలాంటివి ఇట్టే పట్టుబడతాయి, ఆవిడనే ముందు పెట్టు. అయితే ఆ మాట హోటల్ వాళ్లతోనే ఆపకండి. దీవిలో గ్యాస్ సిలిండరు, ఉల్లిపాయ, గుడ్డు, మేకు, మందు బిళ్ల అన్నీ ఎవరో ఒకరు పడవలోంచి భుజాన దించినవే. పొద్దున పడవ వచ్చే టైముకి ఒక్కసారి రేవుకి వెళ్లి ఆ దించడం చూడండి. ఏ టూరిస్ట్ స్పాట్ కన్నా నాకది ఇష్టం. నేను గొడవపడ్డ ఆ గుమాస్తా కూడా, తర్వాత తెలిసింది, పడవ లేని రోజుల్లో రోగుల్ని పంపడానికి రాత్రంతా వైర్‌లెస్ దగ్గర కూర్చునేవాడట. ఆ గొడవ తర్వాత ఇంకో అయిదేళ్లు ఒకే ఊళ్లో ఉండి కూడా నేనాయనకి ఒక్కసారి థ్యాంక్స్ చెప్పలేదు. బదిలీ అయ్యి వెళ్లేరోజు చెప్దామంటే ఆయన సెలవులో ఉన్నాడు.

ఇప్పుడు నువ్వడిగిన రెండోది.

కృతజ్ఞత గురించి ఈ మధ్య చాలామంది చాలా చెప్తున్నారు, రోజూ డైరీ రాయమంటున్నారు. 2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెక్‌కల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అచ్చువేసిన ఒక పరిశోధనలో, కొందరి చేత వారానికోసారి, పది వారాలపాటు, తాము కృతజ్ఞులుగా ఉన్న విషయాలు అయిదు దాకా రాయించారు. చికాకులు రాసినవాళ్ల కన్నా వీళ్లకి జీవితం మీద తృప్తి ఎక్కువగా కనిపించింది. మంచిదే. నాకు నచ్చింది "వారానికోసారి" అన్న ముక్క. రోజూ రాస్తే మందు వేసుకున్నట్టే ఉంటుంది. పైగా డైరీలో రాసుకున్నది మీ అమ్మకి వినపడదు కదా!

ఎదురుగా చెప్పు. పెద్ద మాటలొద్దు. "మీరు నాకోసం ఎంతో చేశారు" అన్నావనుకో, మీ అమ్మ కంగారుపడి "ఏమైందే, ఒంట్లో బాలేదా" అంటుంది. మీ నాన్న లేచి ఫ్యాన్ స్పీడు చూస్తారు. చిన్నదేదైనా, అప్పుడే జరిగినది పట్టుకో. "ఇందాక పడవ దిగేటప్పుడు పాప చెయ్యి పట్టుకున్నావు కదా నాన్నా, నాకు ధైర్యంగా అనిపించింది." ఇంతే. ఆయనేమీ అనరు. ఆ తర్వాత ప్రతి పడవ దగ్గరా పాప చెయ్యి ఆయనే పట్టుకుంటారు చూడు. పాతవి చెప్పాలనిపిస్తే రాత్రి, చీకట్లో, నడుస్తూ చెప్పు. ఎదురెదురుగా కూర్చుంటే మాట రాదు. పక్కపక్కన నడుస్తుంటే వస్తుంది. దీవుల్లో వీధి దీపాలు తక్కువ, అదొక సుఖం.

ఇంకోటి, పది రోజులూ నలుగురూ ఒకే తాడుకి కట్టేసినట్టు తిరగకండి. మీ నాన్నకి ఒక కుర్చీ, మీ అమ్మకి ఒక పూట ఎవరూ పలకరించని సమయం ఇవ్వు. ఆవిడ జీవితంలో అలాంటి పూటలు ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు, మేమిద్దరం ఒకే గదిలో పెరిగాం.

అమ్మకి నేను చెప్పానా అని అడుగుతావు. చెప్పాను, ఆ మంచం దగ్గర. "ఆ రేవు మెట్లు లెక్కపెట్టావు చూడు, అందుకు థ్యాంక్స్ అమ్మా" అన్నాను. "దానికెందుకే, నేను ఊరికే కూర్చున్నా కదా" అంది. తర్వాత కాసేపాగి, "ఆఖరిరోజు ఏడు మునిగాయి" అంది.

నాకేమీ తేవద్దు. గవ్వలు అసలే వద్దు. ఒడ్డున ఖాళీగా కనిపించే గవ్వ ఏదో ఒక పీతకి రేపటి ఇల్లు. పాపకి మాత్రం ఒక పని అప్పజెప్పు. పోటు ఇవాళ ఉదయం 6 గంటలకొస్తే రేపు సుమారు 6:50కి వస్తుంది, చాలాచోట్ల రోజుకి యాభై నిమిషాలు అలా వెనక్కి జరుగుతూ ఉంటుంది. మీ రేవులో ఎన్ని మెట్లు మునిగాయో వాళ్ల అమ్మమ్మని పక్కన కూర్చోబెట్టుకుని రోజూ లెక్కపెట్టి రాయమను. ఆ కాగితం నాకు పంపించు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ