కడపలో లోకల్ న్యూస్ ఛానల్ పెట్టాలంటే లైసెన్సు ఎవరిస్తారు?

ప్రశ్న: మేం నలుగురం కలిసి కడపలో లోకల్ న్యూస్ ఛానల్ పెట్టాలనుకుంటున్నాం. కెమెరాలున్నాయి, చిన్న స్టూడియో కూడా ఉంది. కేబుల్లో రావాలంటే ఏ లైసెన్సు తీసుకోవాలి? పోస్టాఫీసులో 500 రూపాయలు కడితే చాలని ఒకరు, కలెక్టరేటులో ఇస్తారని మరొకరు అంటున్నారు.

జవాబు:

పోస్టాఫీసు సంగతి చెప్పినవారిది అబద్ధం కాదు, పాత మాట. కలెక్టరేటు సంగతి చెప్పినవారికి కూడా సగం తెలుసు. నేను ప్రొద్దుటూరులో కేబుల్ కంట్రోల్ రూములో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి ఈ రెండు మాటలూ ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పగలను.

ముందు అసలు విషయం. మన కేబుల్ చట్టం మైకు పట్టుకున్నవాడికి లైసెన్సు ఇవ్వదు, తీగ ఉన్నవాడిని రిజిస్టర్ చేస్తుంది. మీకు తీగ లేదు. అందువల్ల మీ పేరు మీద తీసుకోవాల్సిన 'ఛానల్ లైసెన్సు' అంటూ ఏదీ లేదు. ఉపగ్రహ ఛానల్ పెట్టేవారు కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి తీసుకునే అనుమతి వేరు. అది మీ స్తోమతకు, అవసరానికి మించిన వ్యవహారం.

1991 గల్ఫ్ యుద్ధం తర్వాత ఊరూరా గొడుగుల్లాంటి డిష్‌లు లేచి, మిద్దెల మీదుగా తీగలు పరుచుకున్నప్పుడు వాటికి చట్టమే లేదు. చేతిలో ఉన్నది 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. 1994లో ఆర్డినెన్సు, 1995లో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల చట్టం వచ్చాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో, హీరో కప్ క్రికెట్ ప్రసారాల గొడవలో, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందులో విడిగా తీర్పు రాసిన న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి మన తెలుగువారే. ప్రభుత్వం చేతిలో కాకుండా స్వతంత్ర సంస్థ చేతిలో ప్రసారాల నియంత్రణ ఉండాలన్నది ఆ తీర్పు సారం. ఆ సంస్థ ఇప్పటికీ రాలేదు. 2023 నవంబరులో ప్రసార సేవల బిల్లు ముసాయిదా ఒకటి బయటపెట్టారు కానీ, పనికొచ్చేది నేటికీ 1995 నాటి చట్టమే. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో తెచ్చినదైనా, కేబుల్ చట్టం జోలికి పోలేదు.

ఆ 1995 చట్టం కింద లోకల్ ఆపరేటరు హెడ్ పోస్టాఫీసుకు వెళ్లి, ఫారం నింపి, ఏటా 500 రూపాయలు కట్టి రిజిస్ట్రేషన్ తీసుకునేవాడు. మీరు విన్న 500 అదే. 2025 జనవరి నుంచి అది ఆన్‌లైన్‌లో, నేరుగా కేంద్ర శాఖ దగ్గరే. ఫీజు 5,000, చెల్లుబాటు ఐదేళ్లు. అయినా అది తీగ లాగేవాడి రిజిస్ట్రేషనే తప్ప, దానితో మీ వార్తలు తెరమీదికి రావు.

ఒకప్పుడు వచ్చేవి. మా కంట్రోల్ రూములో గోడకు వరసగా రిసీవర్లు, వాటి కింద మాడ్యులేటర్లు (ఒక్కో ఛానల్‌ను తీగలోకి ఎక్కించే పెట్టెలు) ఉండేవి. ఒక మాడ్యులేటరుకు మా కంప్యూటర్ తగిలిస్తే అదే మా సొంత ఛానల్. దసరా వచ్చిందంటే బంగారు అంగళ్ల ప్రకటనల స్క్రోలింగ్ టైపు చేయడానికే ఒక మనిషి కావాలి. తరుగు ఎంతో, మజూరీ ఎంతో, వాళ్లు చెప్పింది చెప్పినట్టు కొట్టాలి. ఒక్క సున్నా తప్పిపోతే అంగడి యజమాని పది నిమిషాల్లో మెట్లెక్కి వచ్చేవాడు. డిజిటల్ చేయడానికి 2011లో చట్టం సవరించారు. చిన్న ఊళ్లకు ఆఖరి గడువు 2017 మార్చి 31. అప్పటి నుంచి ఎమ్మెస్వో (మాలాంటి ఆపరేటర్లకు సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ సంస్థ) తన ప్రధాన కేంద్రమైన హెడ్‌ఎండ్‌లో తాళం వేసి, అంటే ఎన్‌క్రిప్ట్ చేసి, పంపిన సిగ్నలే మాకు వస్తుంది, మధ్యలో మేం ఏదీ దూర్చలేం. మాడ్యులేటర్లు పాత సామాను కొట్టుకు పోయాయి.

కాబట్టి మీరు వెళ్లాల్సింది వీధిలోని కేబుల్ ఆపరేటరు దగ్గరికి కాదు, ఎమ్మెస్వో దగ్గరికి. లోకల్ ఛానళ్లను చట్టం భాషలో 'ప్లాట్‌ఫామ్ సర్వీసులు' అంటారు. వీటికి 2022 నవంబరు 30న కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. రిజిస్టర్ చేయించాల్సింది ఎమ్మెస్వోనే, ఛానల్‌కు ఒక్కసారి వెయ్యి రూపాయలు. రాష్ట్రం మొత్తం మీద తన ఛానళ్ల సామర్థ్యంలో 5 శాతం వరకు ఇలాంటివి నడుపుకోవచ్చు. అది కాక ప్రతి జిల్లాకూ మరో రెండు. మీకు దారి ఇచ్చేది ఈ 'మరో రెండే'. తెరమీద 'ప్లాట్‌ఫామ్ సర్వీసులు' అన్న మాట కనబడుతుండాలి. ఒక ఎమ్మెస్వోకు ఇచ్చిన కార్యక్రమం ఇంకో నెట్‌వర్క్‌కు ఇవ్వకూడదు. దేవాలయాలు మొదలైన చోట్ల నుంచి వచ్చే ప్రత్యక్ష ప్రసారాలకు మాత్రం మినహాయింపు ఉంది. ఒంటిమిట్ట కల్యాణమో, దేవుని కడప బ్రహ్మోత్సవాలో లైవ్ ఇస్తే అందరికీ పంచుకోవచ్చు. నిజం చెప్పాలంటే మన జిల్లాలో లోకల్ ఛానల్‌ను బతికించేది వార్తలకంటే ఇవే.

ప్రసారం చేసినదంతా 90 రోజులు రికార్డు చేసి దాచాలి. దీన్ని చాలామంది ఖర్చు దండగ అనుకుంటారు. నా లెక్కలో మిమ్మల్ని కాపాడేది అదే. మీరు అనని మాట అన్నారని ఫిర్యాదు వస్తే, చూపించడానికి టేపు ఉండాలి కదా. ఆ ఫిర్యాదు చూసేది ఎవరంటే, మీకు కలెక్టరేటు సంగతి చెప్పినవారి సగం నిజం ఇక్కడ ఉంది. చట్టం ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, పోలీసు కమిషనరు అధీకృత అధికారులు. లైసెన్సు వారివ్వరు, కానీ ఆపించగలరు, పరికరాలు స్వాధీనం చేసుకోగలరు. ఈ చట్టం కింద ఇంతకుముందున్న జైలు శిక్షను 2023లో జన విశ్వాస్ చట్టంతో తీసేసి, హెచ్చరిక, జరిమానాలు పెట్టారు.

అంతమాత్రాన జైలు భయం లేదనుకోకండి. అది వేరే చట్టాల్లో ఉంది. పక్క జిల్లాలో ఒక ఆపరేటరు కొత్త సినిమా రాత్రిపూట వేసినందుకు పోలీసులు వచ్చి కంప్యూటర్లు ఎత్తుకెళ్లడం మా వాళ్లందరికీ తెలిసిన కథే. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్‌లో మూడేళ్ల దాకా శిక్ష ఉంది. నేర వార్తల్లో అంతకంటే జాగ్రత్త కావాలి. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్, పిల్లల విషయంలో పోక్సో 23వ సెక్షన్. పేరు చెప్పకపోయినా ఇంటి వీధి, బడి గేటు చూపిస్తే గుర్తింపు చెప్పినట్టే. ఊరంతా ఒకరికొకరు తెలిసిన చోట ఇది మరీ సులువుగా జరిగిపోతుంది.

ఎన్నికలప్పుడు మీ దగ్గరికి ముందుగా వచ్చేది రాజకీయ ప్రకటనలే. వాటి మీద నిషేధాన్ని మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేస్తే, జెమినీ టీవీ కేసులో సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 13న ముందస్తు ధ్రువీకరణ పద్ధతి పెట్టింది. రిజిస్టరైన పార్టీలు, అభ్యర్థులు కనీసం మూడు రోజుల ముందు, మిగతావారు ఏడు రోజుల ముందు, ప్రకటన రెండు ప్రతులతో, అందులోని మాటలన్నీ రాసిన కాగితంతో ఈ ధ్రువీకరణ ఇచ్చే కమిటీకి దరఖాస్తు చేయాలి. ధ్రువపత్రం చూడకుండా ఎంత దగ్గరివాడు తెచ్చినా వేయకండి. నాయకుడి మనిషి 'రేపు పొద్దున తెస్తాం, ముందు వేయండి' అంటాడు. రేపు పొద్దున నోటీసు మీకు వస్తుంది, అతనికి కాదు.

యూట్యూబ్ చాలదా అని అడిగారంటే, చాలవచ్చు. దానికి తీగ అక్కర్లేదు, ఎమ్మెస్వో అక్కర్లేదు. 2021 ఐటీ నియమాల ప్రకారం వార్తలు ప్రచురించేవారు తమ వివరాలు కేంద్ర శాఖకు ఇవ్వాలి, ఫిర్యాదుల అధికారిని పెట్టుకుని పదిహేను రోజుల్లో జవాబు చెప్పాలి. అయితే వయసు మళ్లినవారు, అంగళ్లలో టీవీ పెట్టుకుని కూర్చునేవారు మన ఊళ్లో ఇప్పటికీ కేబులే చూస్తారు, ప్రకటనల డబ్బు కూడా అక్కడే ఉంది.

ఎమ్మెస్వోతో మాట్లాడేటప్పుడు రెండు అడగండి. జిల్లా కోటాలోని రెండు ఛానళ్లలో ఒకటైనా ఖాళీ ఉందా? వారి సంస్థ కంపెనీగా రిజిస్టరైందా, లేక భాగస్వామ్య సంస్థేనా? స్థానిక వార్తలు, వర్తమాన వ్యవహారాలు కంపెనీలే ఇవ్వాలని 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. భాగస్వామ్య సంస్థ అయితే కంపెనీగా మారేదాకా మీరు పాటలు, పండుగలు వేసుకోవచ్చు కానీ వార్తలు కుదరవు. ఇది తేలకముందే కొత్తగా డబ్బు ఖర్చు పెట్టకండి.