సంసద్ టీవీయా, సన్సద్ టీవీయా?

ప్రశ్న: పార్లమెంటు సమావేశాలు చూపించే చానల్ పేరును కొందరు 'సంసద్ టీవీ' అనీ, కొందరు 'సన్సద్ టీవీ' అనీ రాస్తున్నారు. మా తెలుగు మాస్టారు రెండూ తప్పేనని, 'సంసత్ టీవీ' అనాలని అంటున్నారు. ఏది ఒప్పు? అలాగే, 'సమావేశాలు ప్రత్యక్ష ప్రసారం చేయబడును' అని రాయవచ్చా?

సమాధానం: 'సంసద్ టీవీ' అనే రాయండి.

సంసద్ సంస్కృత శబ్దం. 'సం' ఉపసర్గ, 'సద్' కూర్చోవడాన్ని చెప్పే ధాతువు. అందరూ కలిసి కూర్చునే చోటు కాబట్టి సభ. పరిషత్తు, ఉపనిషత్తు కూడా ఈ ధాతువులోంచి వచ్చినవే. అమరకోశంలో సభ, సమితి, పరిషత్తు, గోష్ఠి వరసలోనే ఇదీ కనిపిస్తుంది.

'సన్సద్' ఎలా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. సకారం ముందున్న సున్నను మనం 'మ్'గా పలుకుతాం, హిందీవాళ్లు 'న్'గా పలుకుతారు. వాళ్లు పలికినట్టు ఇంగ్లీషు అక్షరాల్లోకి ఎక్కింది. అక్కడ 'ఎన్' చూసి మనవాళ్లు నకారప్పొల్లు పెట్టారు. హిందీలో కూడా ఈ మాటను సున్నతోనే రాస్తారు! ఉచ్చారణను బట్టి సన్సద్ అని రాసేట్టయితే సంస్థను 'సన్‌స్థ' అనీ, హంసను 'హన్స' అనీ రాసుకోవాలి.

ఇక మాస్టారి మాట. ఆయన వ్యాకరణం గట్టిదే. ఇలా దకారప్పొల్లుతో ముగిసే సంస్కృత శబ్దాలు తెలుగులోకి వచ్చేటప్పుడు చాలావరకు 'త్తు' అవుతాయి: విపద్ విపత్తయింది, శరద్ శరత్తయింది. ఆ లెక్కన ఇది సంసత్తు. సమాసంలో పరుషాక్షరం ముందు తకారం ఉంటుంది, సరళం ముందు దకారం వస్తుంది. జగత్ప్రసిద్ధం, జగద్గురువు అంటాం కదా. టీవీలోని టకారం పరుషమే కాబట్టి 'సంసత్' అన్నారు. కానీ అంత పట్టుబడితే అక్కడ ఆగడానికీ వీల్లేదు. తత్ + టీక 'తట్టీక' అయినట్టు, ఇది 'సంసట్టీవీ' కావాలి! టీవీ ఇంగ్లీషు మాట. దానికి సంస్కృత సంధి వర్తించదు.

పైగా ఇది పేరు. దూరదర్శన్‌ను మనం 'దూరదర్శనం' చేయలేదు. 1954లో వచ్చిన లోక్‌సభ అనే పేరును 'లోకసభ'గా దిద్దుకోనూ లేదు. 2006లో మొదలైన లోక్‌సభ టీవీ, 2011లో వచ్చిన రాజ్యసభ టీవీ కలిసి, 2021 సెప్టెంబరు 15న ఈ చానల్ సంసద్ టీవీ పేరుతోనే ప్రారంభమైంది. ఆ పేరు అలాగే ఉండనివ్వండి. చానల్ పేరుగా తప్ప, సంసద్‌ను తెలుగు వాక్యంలోకి లాక్కురావలసిన పని లేదు. 'సంసత్తులో రభస' అంటే ఎవరికి అర్థమవుతుంది? పార్లమెంటు ఏనాడో తెలుగు మాట అయిపోయింది.

హిందీ నుంచి వార్తలు అనువదించేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 'సంసద్' అంటే పార్లమెంటు, మొదటి అక్షరానికి దీర్ఘం ఇచ్చి 'సాంసద్' అంటే ఎంపీ. ఈ దీర్ఘం చూసుకోకపోతే ఎంపీ చెప్పిన మాట పార్లమెంటు చెప్పినట్టయిపోతుంది.

రెండో సందేహం. 'చేయబడును' వద్దు. ప్రసారం చేసేది ఎవరో అందరికీ తెలిసినప్పుడు ఆ 'బడు' దేనికి? 'ప్రసారమవుతాయి' అంటే సరిపోతుంది. ఉభయసభలూ ఒకేసారి జరిగేటప్పుడు సంసద్ టీవీకి రెండు చానళ్లు ఉంటాయి, ఒకదాంట్లో లోక్‌సభ, రెండోదాంట్లో రాజ్యసభ. కాబట్టి ఏ సభో చెప్పడం ముఖ్యం. స్క్రోలింగులో అయితే క్రియ కూడా అక్కర్లేదు: 'లోక్‌సభ సమావేశం: సంసద్ టీవీ 1లో ప్రత్యక్ష ప్రసారం'. చోటు చాలకపోతే 'లైవ్' అని పెట్టినా నాకు అభ్యంతరం లేదు.